నీటితిత్తుల వార్డులో బురుల్

కిర్గిజ్ దేశపు ఓష్ నగరంలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టర్లకు మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసిపోయేది. శస్త్రచికిత్స వార్డులో ప్రొఫెసర్‌కు ఎదురుచెప్పి నెగ్గుకురావచ్చు గాని, కట్లగదిలో నర్సు బురుల్‌కు ఎదురుచెప్పి నెగ్గలేరని. పొట్టి మనిషి. చేతులు మాత్రం పెద్దవి, మెత్తనివి. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతులతో పుండ్లు కడుగుతూ వచ్చింది. ఆమె కట్టు విప్పుతుంటే పిల్లలు ఏడ్చేవారు కాదు. ఇంట్లో గుర్రాలెన్ని, కుక్కలెన్ని, వాటి పేర్లేమిటి అని అడుగుతూనే ఉండేది. జవాబులు చెప్పేలోగా పని అయిపోయేది.

కుక్కల సంగతి ఊసుపోక అడిగింది కాదు. ఏటా మందలు కొండల మీది మేత నుంచి దిగివచ్చే రోజుల్లో ఆ వార్డు నీటితిత్తుల పిల్లలతో నిండిపోయేది. కుక్క కడుపులో ఉండే చిన్న బద్దెపురుగు గుడ్లు పిల్లల చేతులకంటి నోట్లోకి పోతాయి. అక్కణ్ణుంచి కాలేయంలో చేరి ఏళ్ళ తరబడి నీటితిత్తిలా ఊరతాయి. డాక్టర్లు కోసి తీస్తారు, పిల్ల ఇంటికి వెళుతుంది. ఇంటి దగ్గర అదే కుక్క. గొర్రెలకూ అవే తిత్తులు, ఆ కాలేయం తిన్న కుక్కకు మళ్ళీ అదే పురుగు.

అలాయ్ లోయలోని కోక్‌బెల్ నుంచి వచ్చిన బెగిమాయ్ అనే పిల్ల తొమ్మిదేళ్ళకే మూడోసారి ఆపరేషన్ బల్ల ఎక్కింది. బురుల్‌కు కడుపు మండిపోయింది. వసారాలో కూర్చున్న ఆ పిల్ల తాత షెర్మత్‌ను పట్టుకుంది.

"పెద్దాయనా, గొర్రెను కోసినప్పుడు పాడైన కాలేయం ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, కుక్కకేస్తాం. దానికీ కడుపుంది కదా చెల్లెమ్మా."

"ఆ కుక్క ఎక్కడ పడుకుంటుంది?"

"పిల్ల పక్కనే. అదంటే దీనికి ప్రాణం."

"ఆ ప్రాణమే తీసేలా ఉంది మరి."

ముసలాయన తెల్ల టోపీ సర్దుకున్నాడు. "మా తాతలూ వేశారు, ముత్తాతలూ వేశారు. ఒక్కడూ మీ బల్ల ఎక్కలేదు."

"ఎక్కడానికి అప్పుడు బల్లంటూ ఉంటేగా!"

ఆ రోజు నుంచి ఆమె ఒక బడిపిల్లల నోటుపుస్తకంలో రాసుకోసాగింది. ఏ పిల్లది ఏ ఊరు, ఇంట్లో కుక్క ఉందా, గొర్రెను ఎక్కడ కోస్తారు, పనికిరానిది ఎక్కడ పారేస్తారు. అలా ఏడేళ్ళు. ఆ జబ్బు మీద పరిశోధన చేస్తున్న కుర్ర డాక్టర్ తిలెక్ ఒక మధ్యాహ్నం కట్లగదిలో టీ తాగుతూ ఆ పుస్తకం తిరగేశాడు. తాగడం మరిచిపోయాడు.

"ఎజె," అన్నాడు. అక్కల వయసు వాళ్ళను అందరూ అలాగే పిలుస్తారు. "మా కాగితాల్లో ఆపరేషన్లే ఉన్నాయి. జబ్బు ఎక్కడ పుడుతోందో ఇందులో ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదేం?"

"ప్రొఫెసర్ గారికి చూపించాను. కుక్కల పేర్లు చదివి నవ్వారు."

పుస్తకం ప్రకారం సగానికి పైగా పిల్లలు ఎనిమిది ఊళ్ళ నుంచే వస్తున్నారు. వసంతం రాగానే ఆసుపత్రి ఇద్దరినీ, చేత్తో మోసుకుపోగల స్కానింగ్ యంత్రాన్నీ ముందుగా కోక్‌బెల్‌కు పంపింది.

ఊరి బడిలో ఆడవాళ్ళు గోడ వెంట బారుగా కూర్చున్నారు. తెర వెనక్కి ఒక్కరూ కదలరు.

"మగపిల్లాడి ముందు పొట్ట చూపించాలా? మా ఆయన గుర్రం దిగకుండానే తంతాడు," అంది ఒకావిడ. అందరూ కిసుక్కున నవ్వారు.

తిలెక్ తప్ప మగవాళ్ళెవరూ లేకుండా తలుపు వేయించి, బురుల్ తెర పక్కకు లాగేసింది. బల్ల మీద వెల్లకిలా పడుకుని స్వెట్టర్ పైకెత్తింది. "ఇదిగో, అరవైకి దగ్గరపడ్డ పొట్ట! ఇంతకన్నా సిగ్గుపడాల్సింది మీ దగ్గరేముంది? తిలెక్, ముందు నన్ను చూడు. అబ్బ, పొట్టకు పూసే ఈ జిగురు మంచులోంచి తీశావట్రా!"

మళ్ళీ నవ్వులు. ఇంతలో తిలెక్ చెయ్యి ఒకచోట ఆగింది. "తర్వాత మాట్లాడుకుందాం ఎజె," అని రష్యన్‌లో గొణిగాడు.

ఆమె తల తిప్పి యంత్రం తెర వైపు చూసింది. బూడిదరంగు మధ్య నల్లని గుండ్రం. అలాంటి బొమ్మలు ఎన్ని చూసిందో! ఆమెదీ గొర్రెల కాపరుల ఇల్లే. స్వెట్టర్ దించుకుని లేచిపోతే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం అలాగే చేద్దామనిపించింది కూడా.

"రష్యన్‌లో ఎందుకు గొణుగుతావ్? కిర్గిజ్‌లో చెప్పు. వెనకున్న వాళ్ళకూ వినపడాలి."

"కాలేయంలో నీటితిత్తి ఉంది," అన్నాడు తిలెక్. "కోడిగుడ్డు కన్నా పెద్దది."

బురుల్ లేచి కూర్చుని ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"విన్నారా? ముప్ఫై ఏళ్ళు ఊరందరి పొట్టలూ చూశాను. నా పొట్టలో ఏముందో నాకే తెలీదు. నొప్పి లేదు, పాడూ లేదు. నొప్పొచ్చాక చూద్దాంలే అని కూర్చుంటారా?"

మొదట లేచింది మొగుడు తంతాడన్న ఆవిడే. సాయంత్రానికి తొంభైమూడు మందిని చూశారు. తొమ్మిది మందిలో తిత్తులు కనిపించాయి.

బయట గుమ్మం దగ్గర షెర్మత్ నిలబడి ఉన్నాడు. కబురు అప్పటికే ఊరంతా పాకింది. "చెల్లెమ్మా, మీ ఇంట్లోనూ కుక్కకు వేసేవాళ్ళా?"

"నాన్న కోసేవాడు. గిన్నెలో పెట్టుకుని వెళ్ళి వేసేది నేనే."

ముసలాయన వెనుదిరిగి వెళ్ళిపోయాడు. పది రోజులకు ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. మగవాళ్ళు గొర్రెలు కోసే చోట లోతైన గొయ్యి తవ్వి, కుక్కలు లేపలేని ఇనుప మూత పెట్టారట. తవ్వించింది షెర్మతేనట.

బురుల్‌కు తన వార్డులోనే ఆపరేషన్ అయింది. మూడోనాడు డాక్టర్లు విద్యార్థులతో వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నిలబడి, "కాలేయం, కుడివైపు, మూడో రోజు," అంటూ తమలో తాము మాట్లాడుకోసాగారు.

"కాలేయానికి చెవులున్నాయి ప్రొఫెసర్ గారూ," అంది బురుల్.

అందరూ నవ్వారు. వాళ్ళు వెళ్ళాక ఆమెకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళు కట్ల పళ్ళెం పట్టుకుని తానూ ఆ డాక్టర్ల వైపే నిలబడింది. పనిలోకి తిరిగి వచ్చాక పట్టుబట్టింది: ముందు రోగికి చెప్పాలి, ఆ తర్వాతే విద్యార్థులకు. ప్రొఫెసర్ నెలరోజులు సణిగాడు. తర్వాత ఆయనే మంచం అంచున కూర్చుని, రోగి పేరు అడిగి మొదలుపెట్టడం నేర్చుకున్నాడు.

నాలుగేళ్ళు గడిచాయి. తిలెక్ పరిశోధన అచ్చయింది, రాసినవాళ్ళలో రెండో పేరు బురుల్‌దే. కోక్‌బెల్ నుంచి కిందటేడు ఒక్క పిల్లవాడే ఆపరేషన్‌కు వచ్చాడు. ఇరవై ఏళ్ళ బెగిమాయ్ గొర్రెతోక కొవ్వులో బద్దెపురుగుల మందుబిళ్ళ దాచి, ఇంటింటికీ తిరిగి నెలనెలా కుక్కలకు మింగిస్తోంది. ఎనిమిది ఊళ్ళలో రెండు మాత్రం ఇప్పటికీ మాట వినలేదు. బురుల్‌కు పింఛను వచ్చేసింది. అయినా గురువారం నాడు ఆసుపత్రి జీపు ఆ రెండు ఊళ్ళ దారి పట్టిందంటే, ముందు సీటు ఆమెదే.