నడకల మేడమ్ భయం

నర్సింగ్ కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి ప్రొఫెసరయినా ఆవిడ అసలు పేరు సగంమందికి తెలియదు. వార్డుల్లో అందరూ ‘నడకల మేడమ్’ అనేవారు. ఎదురుగా మాత్రం కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది.

ఆవిడ చేసిన పని చెప్పడానికి చిన్నదే. నర్సుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, వృద్ధుల వార్డులో ఏడాదంతా ఒక్కరు కూడా కింద పడలేదని ఆస్పత్రివాళ్ళు గోడకు సర్టిఫికెట్ తగిలించుకున్నారు. ఈవిడ పాత కేసుషీట్లు ముందేసుకుని కూర్చుంది. తమ కాళ్ళ మీద నడిచొచ్చినవాళ్ళలో సగంమంది చక్రాల కుర్చీలో ఇంటికెళ్ళారు. అసలు మంచం దిగనిస్తే కదా పడటానికి! చేతులు మంచానికి కట్టేసేవారు. అందులో తను వేసిన ముళ్ళూ ఉన్నాయి. ఆ సంగతి ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే దాచకుండా చెప్పేది.

ఆ కట్లు విప్పించి, రోజుకు మూడుసార్లు నడిపించే పద్ధతి తేవడానికి పదేళ్ళు పట్టింది. డాక్టర్లు విసుక్కున్నారు, బంధువులు తిట్టిపోశారు. "మా నాన్న పడితే ఎవరిది బాధ్యత?" అని ఒకాయన మీదమీదకొచ్చాడు.

"పడితే లేపుతాం. కాళ్ళు పడిపోతే మాత్రం లేపలేం" అంది ఆవిడ.

అలాంటి మొండిఘటానికి అరవై రెండో ఏట భయం పట్టుకుంది. తనను పెంచి పెద్దచేసిన అక్క, డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, నిమ్ము చేసి అదే వార్డులో చేరింది. వారం తిరక్కుండానే చిక్కి శల్యమైంది. జ్వరం తగ్గిన రోజు ఉదయం వార్డు ఇన్‌చార్జ్, ఒకప్పటి శిష్యురాలు, అక్కను నడిపించడానికి వచ్చింది.

"ఇవాళ్టికి వద్దులేమ్మా. నీరసంగా ఉంది" అంది ప్రొఫెసరమ్మ.

మర్నాడూ అదే మాట. మూడో రోజు, "ఇప్పుడే నిద్ర పట్టింది" అంది. అక్క కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. తను కళ్ళు మూస్తే చాలు, అక్క నేల మీద పడి ఉన్నట్టే కనిపించేది. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఆవిడ వందలసార్లు చూసింది. ఆ చూసిందే ఇప్పుడు ప్రాణం తోడేస్తోంది.

నాలుగో రోజు అక్క మోకాలు ముడవలేక మూలిగింది. దుప్పటి తీసి చూస్తే పిక్కలు వదులైపోయి వేలాడుతున్నాయి. ప్రొఫెసరమ్మ తనే వెళ్ళి ఇన్‌చార్జ్‌ని పిలిచింది.

ఇన్‌చార్జ్ గొంతు తగ్గించి, "మేడమ్, మీరు కాసేపు బయట కూర్చోండి. నడిపించేటప్పుడు భయపడే బంధువుల్ని గదిలో ఉంచొద్దని వార్డు నియమాల్లో మీరే రాశారు కదా" అంది.

"పోవే" అంది అక్క మంచం మీంచి. "నీ మొహం చూస్తుంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయి."

ప్రొఫెసరమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు వెనక ఇన్‌చార్జ్ అడుగులు లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు దగ్గర చాలాసేపు ఆగింది. నాలుగు. ఆ తర్వాత ధబ్బుమని చప్పుడు. ప్రొఫెసరమ్మ పరిగెత్తాలనుకుంది గానీ బెంచీ అంచు వదల్లేకపోయింది.

ఇన్‌చార్జ్ తలుపు తీసింది.

"మోకాళ్ళ మీద పడ్డారు మేడమ్. పట్టుకునే ఉన్నా, జారిపోయారు. దెబ్బేం తగల్లేదు, అంతా చూశాను. మళ్ళీ నడుస్తానంటున్నారు." వెనక్కి ఒకసారి చూసి, "మీరు వద్దంటే పడుకోబెట్టేస్తాను" అంది.

వద్దన్న మాట నాలుక చివరికొచ్చింది. ఎంతమంది కొడుకులూ కూతుళ్ళూ ఇదే గుమ్మంలో ఇదే మాట అన్నారో, తను వాళ్ళకెంత తేలిగ్గా ధైర్యం చెప్పిందో గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన భయం తగ్గలేదు.

"నడిపించు" అంది.

తలుపు మూసుకుంది. లోపల్నుంచి మళ్ళీ ఒకటి అని వినిపించింది. ఆవిడ రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.