చెట్ల గడిలో సున్నా

ఆళ్లగడ్డ మిద్దెల వీధిలో రెండు పక్కలా వరసగా నిలబడిన గంగరావి చెట్లను చూపించి, "ఆ కాలపు పెద్దలకు ఎంత ముందుచూపు!" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కథ అందరూ ఒకే తీరుగా చెబుతారు. ఎనభైల మొదట్లో ఊళ్లో వీధుల శుభ్రతకు పోటీ పెట్టారట. మిద్దెల వీధివాళ్లు పంతం పట్టి మొక్కలు నాటారట. ముగ్గురు జడ్జీలు వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా మార్కులు వేసి, మొదటి బహుమతి ఇచ్చారట. ఊరంతా పెరిగి ఉడికిపోతున్నా ఆ వీధి చల్లగా ఉండటానికి అదే కారణమట. మొన్న నంద్యాలలో ఒక పెళ్లిలో ఆ వీధి పెద్దమనిషి ఇదంతా పక్క పంక్తివాళ్లకు చెప్పి, నా వైపు చెయ్యి చూపి, "ఈయమ్మే ఆ పొద్దు జడ్జీ. శానా ఖరాఖండి మనిషి" అని మెచ్చుకున్నాడు. విస్తట్లో వడ్డించిన భక్ష్యం అట్లాగే వదిలేసి లేచాను.

నాటినవి మొక్కలని ఎవరన్నారు? కొమ్మలు. ఆ కొమ్మలకు ఒక చెట్టు ఉండేది. ఆ చెట్టు ఊసు ఎవరూ ఎత్తరు. మార్కులు వేసిన ముగ్గురిలో ఇద్దరు పోయారు. మిగిలింది నేను. కాబట్టి నేనే ఎత్తాలి.

నేను పుట్టి పెరిగింది నంద్యాలలో, బియ్యం మిల్లుల వెనక. డెబ్బైలలో మా దండెం మీద ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. ఊక మసి వచ్చి వాలేది. మా అమ్మ మిల్లు గొట్టం వైపు తిరిగి నాలుగు తిట్లు తిట్టి, మళ్లీ ఉతికేది. ఒకరి మురికిని ఇంకొకరు ఉతుకుతుంటే దానికి శుభ్రతని పేరు పెడతారని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. అక్కడి కాలేజీలోనే బాటనీతో బీఎస్సీ చదివాను. బీఈడీ కూడా అయ్యాక ఆళ్లగడ్డలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. వారమంతా అక్కడ అద్దె గదిలో, శనివారం సాయంత్రం బస్సెక్కి నంద్యాలకు. ఇరవయ్యారేళ్లు. నోరు మాత్రం అప్పటికే ఇంత ఉండేది.

పోటీ ఎందుకు పుట్టిందో కూడా ఇప్పుడు ఎవరూ చెప్పరు. వేరుశనగ వ్యాపారి ఒకాయన, చనిపోయిన తన తండ్రి పేరు మీద ఊరికి ఒక చేతిపంపు వేయిస్తానన్నాడు. మా వైపు దాన్ని బోరింగు అంటాం. ఒకటే బోరింగు. ఏ వీధికి వేయాలి? మాకంటే మాకని తగువు. చివరికి పెద్దలు నలుగురు కమిటీగా కూడి, ఏ వీధి శుభ్రంగా ఉంటే ఆ వీధికే అని తేల్చారు. వినడానికి ఎంత బాగుంది! దాహానికీ చీపురుకూ ఏం సంబంధమని అడగాల్సింది నేను. అడగకపోగా, జడ్జీగా ఉండమంటే పొంగిపోయి ఒప్పుకున్నాను. మిగతా ఇద్దరిలో ఒకరు రిటైరైన హెడ్మాస్టరు, ఇంకొకరు డాక్టరు. "ఆడమనిషి ఒకరుంటే బాగుంటాది, పైగా సైన్సు టీచరు" అన్నాడు కమిటీ కార్యదర్శి. ఆయన ఇల్లు మిద్దెల వీధిలోనే.

మిద్దెల వీధిలో ఇంటింటికీ కొళాయి ఉండేది. ఊరి చివరి వాడ, దిగువ గేరిలో ఒక్కటీ లేదు. ఆ గేరి ఆడవాళ్లు వాగులో ఇసుక తవ్వి, చెలమలో ఊరిన నీళ్లు ముంతతో తోడి కడవ నింపుకుని, మిద్దెల వీధి మీదుగానే మోసుకుపోయేవాళ్లు. మా స్కూలు ఊడ్చే ఆయమ్మది ఆ గేరే. నలభై దాటిన మనిషి. పొద్దున బడికి వచ్చేలోపే నాలుగు కడవలు మోసి వచ్చేది. చంకలో కడవ లేనప్పుడు కూడా ఉన్నట్టే ఒక పక్కకు ఒరిగి నడిచేది.

పోటీ కరపత్రాన్ని నంద్యాల ప్రెస్సులో అచ్చు వేయించి పంచారు. అది పట్టుకుని ఆయమ్మ మా స్టాఫ్ రూము గడప దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, ఇందులో ఏముందో సదివి సెప్పు. దేనికి మార్కులేస్తారంట?"

చదివాను. మురుగు కాలువలు, వీధి ఊడ్పు, ఇంటి ముంగిళ్లు, పేడదిబ్బలు. నాలుగే.

"దినామూ ఊడిస్తే సాలదా?"

"చాలదు. కాగితమ్ముక్క కనపడకూడదు. రాలిన ఆకు కనపడకూడదు. ఆకు కూడా చెత్తే."

"ఆకు గూడానా?"

"ఆకు కూడా."

"నీ కండ్లబడితే ఆకేంది, ఈనె గూడా దాగదులే" అని నవ్వుకుంటూ పోయింది. నా ఖచ్చితత్వం మీద నాకే ముచ్చటేసింది.

ఆ నెల రోజులు ఆ గేరి నిద్రపోయిందో లేదో తెలియదు. మగవాళ్లు కూలి నుంచి వచ్చి గడ్డపారలు పట్టుకున్నారు. రాళ్లు చెక్కే చోట పారేసిన నాపరాయి పెచ్చులు ఏరుకొచ్చి కాలువకు అడుగు పరిచారు. పేడదిబ్బలు ఊరవతలికి మార్చారు. ఆడవాళ్లు మొండిగోడలకు కూడా సున్నం కొట్టారు. రోజూ ఆయమ్మ నా బల్ల తుడుస్తూ ఆ పూట ఏం చేశారో మొదలుపెట్టేది.

"నాకు చెప్పొద్దు, ఆయమ్మా. నేను జడ్జీని."

"జడ్జీవైతే ఇనకూడదా? చెవులకు గూడా మార్కులుండాయేంది?"

పంద్రాగస్టుకు ముందు ఆదివారం మేము ముగ్గురం బయలుదేరాం. అంతకుముందే రెండు మంచి వానలు పడ్డాయి. వెంట వచ్చిన కార్యదర్శి మాకు తలా కొన్ని కాగితాలు ఇచ్చాడు. వీధికో కాగితం, సైక్లోస్టైలు తీసినవి, నాలుగు గడులు. వాటి పక్కన స్కేలు పెట్టి సిరాతో గీసిన ఐదో గడి. పైన చేతిరాతతో "చెట్లు, పచ్చదనం" అని ఉంది.

"ఇది కరపత్రంలో లేదే?" అన్నాను.

"అచ్చులో మర్సిపోయినారమ్మా. అయినా అన్ని వీధులకూ సమానమే గదా!"

సమానమే గదా అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, సమానమనే మాట వింటే చాలు, నోరు మూతపడుతుంది.

మొదట మిద్దెల వీధి. రోడ్డుకు రెండు వైపులా మనిషెత్తు చెట్లు వరసగా, ఒక్కోదాని చుట్టూ ముళ్లకంప. నెల కింద ఆ వీధిలో పచ్చగా ఉన్నది తలుపుల రంగొక్కటే. దగ్గరికి పోయి చూశాను. ఆకులు వడలి వేలాడుతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని కదిపితే మట్టిలో గిర్రున తిరిగింది.

"ఇవి మొక్కలు కావు. నరికి తెచ్చి గుచ్చిన కొమ్మలు" అన్నాను, నలుగురికీ వినపడేలా.

హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకుని, "గంగరావి కొమ్మ నాటితే బతుకుతాదా, బతకదా? నువ్వు బాటనీ సదివినావు గదమ్మా, నువ్వే సెప్పు" అన్నాడు.

బతుకుతుంది. వానాకాలంలో అయితే ఇంకా బాగా బతుకుతుంది. నంద్యాల కాలేజీ వెనక దొడ్లో కొమ్మ గుచ్చి, వేర్లు రాగానే పీకి చూసి, రికార్డు పుస్తకంలో బొమ్మ వేసి మెప్పు పొందినదాన్ని నేను. తప్పుడు మాట అంటే ఆయన్ని అక్కడే కడిగేసేదాన్ని. ఆయన అన్నది నిజం. నిజం ముందు ఏం వాదిస్తాను? ఇరవైకి పద్దెనిమిది వేశాను. ఆ కొమ్మలు ఎక్కడివని అడగలేదు.

దిగువ గేరికి చివరగా పోయాం. అట్లాంటి శుభ్రత నేను మళ్లీ చూడలేదు. కాలువలో నీళ్లు నాపరాళ్ల మీద తేటగా పారుతున్నాయి. ప్రతి గడప ముందూ ముగ్గు. నేల మీద పుల్ల లేదు, పీచు లేదు. గేరి మొదట్లో మాత్రం ఒక మోడు. ఆ గంగరావి నాకు తెలుసు. దాని కింద ఆయమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు కడవలు దించి ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఇప్పుడు దానికి ఒక్క కొమ్మ లేదు. నరికిన చోట్లు ఇంకా పచ్చి ఆరలేదు. అక్కడి నుంచి బండిచక్రాల జాడ మిద్దెల వీధి వైపు పోయింది.

అర్థం కాలేదని ఇప్పుడు రాసుకుంటే నన్ను అడిగేవాళ్లు లేరు. కానీ అర్థమైంది.

ఆయమ్మ ఉతికిన చీర కట్టుకుని మోడు పక్కనే నిలబడింది. జడ్జీలతో మాట్లాడకూడదని కార్యదర్శి ముందే చెప్పి పెట్టాడు. ఆమె నా కళ్లలోకి చూసి, గడ్డంతో నేల వైపు చూపించింది. చూడు, అన్నట్టు. ఏం చూడమందో నాకు తట్టలేదు.

మిగతా జడ్జీలను పక్కకు పిలిచి అడిగాను. "ఆ వీధిలో గుచ్చింది ఈ కొమ్మలే. చెట్టు వీళ్లది. మార్కులు వాళ్లకా?"

"వీళ్లు ఇచ్చినారో అమ్ముకున్నారో, మనకేల?" అన్నాడు డాక్టరు. "ఉన్నదానికి మార్కులేస్తాం గానీ లేనిదానికి ఎట్లేస్తాం?"

"నిన్న ఉన్నదానికి వేయండి!"

కార్యదర్శి మెల్లిగా, నవ్వుతూనే అన్నాడు. "ఆ ఆయమ్మ మీ ఇస్కూలు మనిషే గదమ్మా? అందుకే నీ మనసు పీకుతాండాది."

అంతే. నేను పక్షపాతినా? ఊళ్లో నా గురించి అట్లా అనుకుంటారా? ఆ ఒక్క మాటకు నాకు గేరి కనపడలేదు, వాగు కనపడలేదు, నా పేరొకటే కనపడింది. చెట్ల గడిలో సున్నా పెట్టాను. ఎంత గట్టిగా పెట్టానంటే పాళీ కాగితాన్ని చీల్చింది.

సాయంత్రం మార్కులు కూడింది నేనే. నాలుగు గడుల దాకా దిగువ గేరిదే పైచేయి. ఐదో గడి కలిపితే మిద్దెల వీధిది.

పంద్రాగస్టు నాడు జెండా కింద ఫలితం చదివారు. మర్నాడు బడిలో ఆయమ్మ ఎప్పటిలాగే నా క్లాసు గది ఊడుస్తోంది. నేనే గొంతు సవరించుకున్నాను.

"ఆయమ్మా, ఆ చెట్టు ఎందుకు కొట్టేశారు? చెట్లకు మార్కులున్నాయి తెలుసా?"

చీపురు ఆగింది. "చెట్లకు మార్కులా? నువ్వు సదివిన దాంట్లో లేదే!"

"తర్వాత కలిపారు. అది సరే, ఎందుకు కొట్టేశారు?"

"ఎందుకేంది? ఆకు గూడా చెత్తే అంటివి గదా! అది దినామూ పండాకు రాలుస్తాది, పువ్వు రాలుస్తాది. ఇట్ల ఊడిస్తే అట్ల రాలుస్తాది. మీరు వచ్చే యాళకు ఒక్క ఆకు రాలినా బోరింగు పోతాదని మా ఆయనే ఎక్కి నరికినాడు. కొమ్మలు యాడ పారేయాల్నో తెలీక నిలబడింటిమి. మిద్దెల వీధోళ్లే బండి తోలుకొచ్చి, 'మేం ఎత్తకపోతాంలే, మీకెందుకు శ్రమ' అన్యారు. మంచోళ్లనుకుంటిమి." చీపురు నేలకు తట్టి, "నేల సూడమని సైగ గూడా జేస్తి గదా తల్లీ. ఒక్క ఆకన్నా ఉండెనా?" అంది.

"లేదు" అన్నాను.

"లేదు గదా" అని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

ఆమె నాతో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే నేను గెలిచేదాన్ని, ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆ తర్వాత కాగితం ఏదైనా చదివించుకోవాలంటే నా దగ్గరికి రాలేదు. పక్కనే ఉన్న హిందీ టీచరు దగ్గరికి పోయేది.

బోరింగు మిద్దెల వీధిలో వేశారు. ఊరి శిల్పుల చేత నల్లరాయి చెక్కించి దాని పక్కన నిలబెట్టారు. దాత తండ్రి పేరు, కమిటీ పేర్లు, కింద జడ్జీల పేర్లు. నా పేరు పక్కన నా డిగ్రీ కూడా చెక్కారు. ఇంటింటికీ కొళాయి ఉన్నవాళ్లు బోరింగు కొడతారా? రెండేళ్లు తిరక్కుండానే దాని పిడికి ఎవరో బర్రెను కట్టేస్తుండగా చూశాను. దిగువ గేరివాళ్లు అక్కడికి కడవలు తెస్తే, "మీ కాళ్ల బురదతో వీధి పాడైతాది, బహుమతొచ్చిన వీధి" అని పంపించేశారు. వాళ్లు మళ్లీ చెలమలకే పోయారు. కొమ్మలు మాత్రం బతికాయి. బాటనీ అబద్ధమాడదు. మోడు కూడా చిగురు వేసింది. మేకలు మేశాయి, మళ్లీ వేసింది, మళ్లీ మేశాయి. మూడో ఏడు ఎండిపోయింది. ఆ ఏడే నాకు నంద్యాలకు బదిలీ అయింది.

పోయేముందు కార్యదర్శి ఇంటికి పోయి అడిగాను, ఆ ఐదో గడి ఎప్పుడు గీశారని. "ఇంకా దాన్నే పట్టుకోనుండావా తల్లీ" అని కాఫీ ఇప్పించాడు. తర్వాత చాన్నాళ్లకు బస్టాండులో కనపడితే మళ్లీ అడిగాను. కాగితాలు చెదలు తినేశాయన్నాడు. మొన్న పెళ్లిలో నన్ను మెచ్చుకున్నది ఆయనే. చేతికర్ర వచ్చింది, చెవుడు వచ్చింది, నవ్వు మాత్రం అదే. భోజనం వదిలి లేచిన నేను మళ్లీ వెనక్కి పోయి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మూడోసారి అడిగాను. "ఏందీ?" అన్నాడు. మళ్లీ అడిగాను. పక్కవాళ్లు చూస్తున్నారు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు.

ముందే గీసి ఉంటే, ఆ బండి గేరికి వచ్చింది తెలిసే వచ్చింది. కొమ్మలు ఇంటికి చేరాక గీసి ఉంటే, చేతికొచ్చింది వాడుకున్నారు. నిజంగానే అచ్చులో మరిచిపోయి ఉంటే ఎవరి కుట్రా లేదు, ఆ చెట్టును కూల్చింది గడప దగ్గర నేనన్న ఒక్క మాట. ఈ మూడింటిలో ఏదైనా సరే, మోయగలను. ఏదో తెలియకుండా మోయడమే నా వల్ల కావడం లేదు. ఆ వీధి నీడలో కూర్చుని ఇది చదివేవాళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. స్కేలు పెట్టి, సిరాతో, ఆ గడి ఎప్పుడు గీశారు, కొమ్మలు నరకక ముందా, నరికాకా?