మా అత్త వాదించిన పడుగు కేసు

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న ఆ రోజుల్లో, గద్వాల కోర్టును నా కోసమే కట్టారని గట్టిగా నమ్మేవాణ్ణి. కేసులు మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చేవి కావు. చివరికి ఒకటి మా ఇంటికే వచ్చింది, మా మేనత్త మీద. అదీ నాకు దక్కలేదు.

అత్తది మగ్గం బతుకు. చీరకు నిలువుగా పడే దారాలను (పడుగు అంటాం) మా వాడలో పొద్దున్నే వీధి పొడవునా సాగదీసి సరిచేసుకుంటారు. ఇంట్లో అంత చోటెక్కడిది? ఎదురింటి రిటైరైన పంతులును వాడంతా పెద్దసారు అనేది. ఆయన కారు కొన్నాక ఆ దారాలు అడ్డమయ్యాయి. వీధిలో పడుగు వేయకుండా ఆపమని అత్త మీద దావా వేశాడు. ఆయన గెలిస్తే అత్త మగ్గం మూలన పడ్డట్టే. నేను వాదిస్తానని ఎగిరి గంతేస్తే, అత్త వద్దంది.

"నువ్వైతే ఆయన వకీలుతోని కొట్లాడతవు అల్లుడా. నేను ఆయనతోని మాట్లాడాలె."

వాయిదా రోజున జడ్జమ్మ ఎంతో మర్యాదగా, వకీలు లేకపోతే ఉచితంగా పెట్టిస్తామన్నారు. అత్త వెనక్కి తిరిగి నన్ను వేలెత్తి చూపింది. "ఉన్నడమ్మా, మా అల్లుడే. నేనే ఊకోమన్న." కోర్టంతా నన్నే చూసింది. (కొత్త కోటు వేసుకొచ్చినందుకు మొదటిసారి విచారించాను.)

తర్వాతది ఇంకా ఘోరం. పడుగు వీధిలో కారుకు అడ్డం వేస్తున్నది నిజమేనా అని అవతలి వకీలు అడగ్గానే, నిజమే, రేపు పొద్దున కూడా వేస్తానంది అత్త. ఇంకేముంది, కేసు పోయిందనుకున్నాను. ఇక పెద్దసారును ప్రశ్నించే వంతు అత్తకొచ్చింది.

"సారూ, మీ బిడ్డ పెండ్లికి వీధి మూసి పందిరేస్తిరి. ఆ దినాలు నా పడుగు యాడున్నది?"

పెద్దసారు తల గోక్కున్నాడు. "వెయ్యలే. ఇంట్ల చుట్టి పెట్టుకున్నవు."

"నేనేమన్న అన్ననా?"

"ఏమనలే. వచ్చి బంతిల వడ్డించినవు."

"మరి కారు తీసే ముందట జర పిలిస్తే తియ్యనా సారూ? గింత దానికి దావా ఎందుకు?"

ఆయన వకీలు లేవబోతే, కూర్చోమని పెద్దసారే చెయ్యి ఊపాడు. జడ్జమ్మ నవ్వాపుకుంటూ రాజీ మాటెత్తారు. పొద్దున వీధి పడుగుది, ఎండెక్కాక కారుది, నడుమ అవసరం పడితే ఒక కేక వేస్తే చాలు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

బయటికొచ్చాక, మంచిగ మాట్లాడిన్నా అని అత్త నన్నే అడిగింది. లోపల ఒక్క మాటా తడబడని మనిషి. నాకు ఎంత గర్వమో! తల ఊపి, నా కొత్త కోటు విప్పి చేతి మీద వేసుకున్నాను. అది చూసి ఏమనుకుందో, భుజం తట్టింది.

"రంది పెట్టుకోకు అల్లుడా. నువ్వు గూడ నేర్చుకుంటవ్ తియ్యి."

ఇప్పుడు వనపర్తిలో నాకు కేసులకు కొదవలేదు. నా కేసు నేనే చెప్పుకుంట అని ఎవరైనా నిలబడితే తోటి వకీళ్ళు నవ్వుతారు. నాకు మాత్రం, అత్త వద్దన్న సాయంత్రం కేసు దక్కలేదని అలిగి అన్నం మానేసిన కుర్రవకీలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, అంత మంచి వాదన మళ్ళీ వినడానికి ఎన్ని కోర్టులు తిరగాలో వాడికి అప్పుడు తెలియదు.