చెరుకు రసంలో ఐసు గడ్డ

ఎనభైల్లో నేను చిత్తూరులో గుమాస్తాగా ఉన్నప్పుడు, తిరుపతిలో బంధువుకు రక్తం ఇవ్వబోతే వద్దన్నారు. నా రక్తంలో కామెర్ల వైరస్ ఏనాటి నుంచో కాపురం ఉందట. మనిషినేమో దున్నపోతులా ఉన్నాను! "ఇప్పటికి ఫరవాలేదు. దీనిమీద ఇంకో రకం కామెర్లు వచ్చి పడితే మాత్రం మీ లివరు తట్టుకోలేదు. నీళ్ళు కాచి తాగండి," అన్నాడు డాక్టరు.

ఆ మాట నా భార్య చెవిన పడింది. అంతే, కిరసనాయిలు స్టవ్ మీద నీళ్ళు మరగని పూట లేదు. పుక్కిలించడానికి కూడా కాచిన నీళ్ళే. పెళ్ళికి పోయినా చంకలో నా సీసా. ఆఫీసులో నన్ను చూసి నవ్వనివాడు పాపాత్ముడు.

బంగారుపాళ్యం దగ్గర మా నాయనకు చెరుకు తోట ఉండేది. కామెర్లకు చెరుకు రసాన్ని మించిన మందు లేదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన వారం వారం గానుగాడించి, క్యాను నిండా రసంతో బస్సెక్కి వచ్చేవాడు. దారిలో పులిసిపోకుండా అందులో ఐసు గడ్డ. "తాగు నాయనా, సలవ సేస్తాది," అని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదుటి నుంచి లేచేవాడు కాదు.

ఆ ఎండాకాలం నా కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం వాసనకే వాంతి. ఆస్పత్రిలో పడుకోబెట్టారు. డాక్టరు మొహం చూడగానే, ఇక బతకనని భయమేసింది.

"పాతదాని మీద కొత్తది పడింది. ఏం నీళ్ళు తాగారు?"

"కాచినవే సార్," అంది నా భార్య ఏడుస్తూ.

"ఇంటి చెరుకు రసం కూడా సార్. నీళ్ళు సుక్క కలపలా," అన్నాడు నాయన గర్వంగా. "పులవకుండా ఐసు ఏసినా, అంతే."

"ఆ ఐసు ఏ నీళ్ళతో చేస్తారు పెద్దాయనా?"

నాయన, "రసాన్ని కాచి ఇస్తే?" అన్నాడు. నలభై ఏళ్ళు బెల్లం వండిన మనిషి అడిగిన మాట అది! డాక్టరు నవ్వాడు. నాయన నవ్వలేదు. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం పక్కనే కూర్చున్నాడు గానీ, నా మొహంలోకి చూడలేదు.

గండం గడిచి ఇంటికొచ్చాను. డాక్టరు చెరుకు తినొచ్చన్నాక, నాయన రెండు గడలు భుజాన వేసుకుని దిగాడు. తిన్నగా వంటింట్లోకి పోయి, గడల్ని కాచిన నీళ్ళతో కడిగాడు. కత్తిని మరిగే నీళ్ళలో వేశాడు. చేతులు మోచేతుల దాకా రుద్దుకున్నాడు. చెక్కు తీసి, ముక్కలు కోసి, పళ్ళెం నాకివ్వకుండా నా భార్య ముందు పెట్టాడు.

"వానికి ఇయ్యొచ్చామ్మా?" అన్నాడు.

ఊళ్ళో ఎవరి మాటా వినని మనిషి. నవ్వబోయి ఏడ్చేశాను.