కాలవ మీద రెండేళ్ళు

కాశీరావు బెజవాడలో లారీ డ్రైవరు. ఆటోనగర్‌లో లోడు ఎత్తితే మద్రాసులోనో కలకత్తాలోనో దించేదాకా స్టీరింగు వదిలేవాడు కాదు. నలభై దగ్గరపడేసరికి ఆ పరుగు ఒంట్లోకి దిగిపోయింది. గుణదల కొండ కింద అద్దె ఇంట్లో మంచం మీద పడుకున్నా కుడికాలు దేన్నో తొక్కుతున్నట్టు కదులుతుండేది. అన్నం పెడితే నాలుగు ముద్దలు నిలబడే మింగి చెయ్యి కడిగేసుకునేవాడు.

"ఎవరన్నా తరుముతున్నారా బావా?" అనేది భార్య రత్తమ్మ. ఆమె అతని మేనమామ ఎల్లారావు కూతురే. ఇద్దరూ బందరు పక్క పల్లెలో చేపల వాసన మధ్య పెరిగినవాళ్ళు.

డెబ్భై మూడు ఎండాకాలంలో తిరుపతిరావు పోయాడు. పదేళ్ళకు పైగా కాశీరావుతో జతగా లారీ నడిపినవాడు. నెల్లూరు దాటాక, పట్టపగలు, కళ్ళు మూతలుపడి బండిని చింతచెట్టుకి గుద్దేశాడు. శవాన్ని బెజవాడ తెచ్చారు. కృష్ణ ఒడ్డున చితి ఇంకా మండుతుండగానే ఓనరు గుమాస్తా వచ్చి కాశీరావుని పక్కకి పిలిచాడు.

"సరుకు వెనక్కి తెప్పించి వేరే బండికి ఎక్కించామయ్యా. మద్రాసు పార్టీ తొందరపడుతున్నాడు. స్నానం చేసి బయల్దేరు" అన్నాడు.

కాశీరావు వెళ్ళాడు. అదే సరుకుతో, అదే రోడ్డు మీద. ఆ చింతచెట్టు దగ్గర బండి ఆపుదామనుకున్నాడు. వెనక వరసగా లారీలు హారన్లు కొడుతుంటే ఆపలేకపోయాడు. బెరడు లేచిపోయిన మాను అద్దంలో చిన్నదైపోతూ కనబడింది. తిరిగొచ్చాక తాళంచెవి ఓనరు బల్ల మీద పెట్టి, ఇక నడపలేనని చెప్పి బయటికొచ్చేశాడు.

"మామయ్య పడవ మీదికెళ్తాను" అన్నాడు ఇంటికొచ్చి.

ఎల్లారావు కుర్రతనంలోనే సముద్రం వేట మానేసి, బందరు కాలవ మీద సరుకుల పడవ పెట్టుకున్నాడు. ఊక, ఇటుకలు, వరిగడ్డి బెజవాడకీ చుట్టుపక్కల ఊళ్ళకీ చేరవేస్తుండేవాడు. అంతకు ముందు అతనితో ఉన్న మనిషి మానేశాడు. తాడు లాగడానికి తోడు కావాలని చాలాకాలంగా అడుగుతున్నాడు.

రత్తమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"ఉన్నదాంతో సరిపెట్టుకుందాం రత్తీ. పరిగెత్తి ఏం మూటగట్టుకున్నాం? నెమ్మదిగా బతుకుదాం."

"మా నాన్న నెమ్మదిగానే బతికాడు బావా. నేను పుట్టిందగ్గర్నించీ చూశా. ఆయన పడవ మీద కాళ్ళు చాపుకుని కూచుంటే, మా అమ్మ నెత్తిమీది చేపల తట్ట దించిన రోజు లేదు. పోయే ముందు కూడా తట్ట ఏదీ అనడిగింది."

కూచున్నచోటే కాశీరావు కుడికాలు నేలని తొక్కుతోంది. రత్తమ్మ ఆ కాలినే చూసింది.

"సరే వెళ్ళు. నువ్వు తిరుపతిరావన్నయ్యలా రావడం కంటే అదే నయం" అంది. మర్నాడు బజారుకెళ్ళి వెదురుతట్ట కొనుక్కుంది.

పడవ మీద మొదటి నెలంతా కాశీరావుకి నరకంలా ఉంది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడక. కాలవ పక్కనే బందరు రోడ్డు. లారీ పోతుంటే గేరు మార్చే చప్పుడుని బట్టి బండి ఏదో, లోడెంతో పసిగట్టేవాడు. లాకుల దగ్గర తలుపులు తీసేదాకా పూటంతా ఆగాల్సి వస్తే అటూ ఇటూ తిరుగుతూ గోళ్ళు కొరుక్కునేవాడు.

"కూచోరా. తలుపుకి ఇవతలా అవతలా నీళ్ళు సమానం కావాలి. నువ్వు తిరిగితే తొందరగా అవుతాయా ఏంటి?" అనేవాడు చుక్కాని దగ్గర నుంచి ఎల్లారావు.

ఒక మధ్యాహ్నం, కంకిపాడు దాటాక, కాశీరావు గడ్డిమోపుల మధ్య పడుకుని నిద్రపోయాడు. లేచేసరికి పొద్దు వాలుతోంది. మామయ్య మట్టిమూకుట్లో చేపల పులుసు కాచి ఉంచాడు. ఇద్దరూ చుక్కాని పక్కన ఎదురెదురుగా కూచుని తిన్నారు. ముల్లు ముల్లూ తీసుకుంటూ, వేళ్ళు నాక్కుంటూ. తన కాళ్ళు కదలకుండా ఉన్నాయని కాశీరావుకి తిన్న తరవాత గానీ తెలియలేదు. ఆ సంతోషం ఎవరికన్నా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి ఆ వేళకి గవర్నరుపేటలో వీధి వీధీ తిరుగుతూ చేపలమ్ముతోంది.

ఇంటికొచ్చినప్పుడల్లా అతనికి ఆ తేడా కనబడుతూనే ఉండేది. తను ఒళ్ళు చేశాడు. రత్తమ్మ ఎండిపోయింది. తెల్లవారకముందే స్టేషనుకి పోయి, రైలు పార్సిల్లో దిగిన చేపల కోసం మిగతా ఆడవాళ్ళతో తోసుకుని, పిల్లలిద్దరూ బడికెళ్ళే వేళకి ఇంటికి పరుగెత్తుకొచ్చి, మళ్ళీ తట్ట ఎత్తేది. ఇప్పుడు అన్నం నిలబడి తింటున్నది ఆమె.

"కాసేపు కూచోవే" అన్నాడొకసారి.

"కూచుంటే చేప కుళ్ళుద్ది" అంది, నవ్వుతూనే. అతనికి ఆ నవ్వు ముఖంలోకి చూడబుద్ధి కాలేదు. అయినా పొద్దున్నే పడవకే వెళ్ళాడు. లారీ పేరెత్తితే చాలు, కుడికాలు మళ్ళీ తొక్కడం మొదలెట్టేది.

రెండో ఏడు ఎండాకాలం ఎప్పటిలాగే కాలవ కట్టేశారు. పడవ బురదలో ఒరిగిపోయి ఉంది. ఎల్లారావు దాని పగుళ్ళకి తారు పూస్తూ, నీళ్ళు వదిలే రోజు కోసం కాచుకున్నాడు. జూన్‌లో నీళ్ళొచ్చాయి. లోడ్లు రాలేదు. ఇటుకబట్టీవాళ్ళు ట్రాక్టర్లు కొనుక్కున్నారు. ఊక మిల్లు ఆసామిని అడిగితే, "నీ పడవ వచ్చేలోపు లారీ మూడుసార్లు తిరుగుద్ది ఎల్లారావ్. ఇంకెన్నాళ్ళు లాగుతావు, మానెయ్" అన్నాడు. చెడ్డమాటేం కాదు, జాలిగానే అన్నాడు.

ఆ వానల్లోనే రత్తమ్మ పడిపోయింది. స్టేషను ముందు కదులుతున్న సిటీబస్సు ఎక్కబోయి, తట్టతో సహా వెనక్కి జారింది. కబురందేటప్పటికి కాశీరావు లాకుల దగ్గర ఖాళీ పడవలో కూచుని ఉన్నాడు. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆమె తొడకి కట్టు కడుతున్నారు.

"ఆ బస్సు పోతే ఇంకోటి వచ్చేదిగా రత్తీ" అన్నాడు ఏడుస్తూ.

"ఇంకోటి వచ్చేలోపు బేరం పోద్దిగా" అంది ఆమె, అర్థంకాని పిల్లాడికి చెబుతున్నట్టుగా.

ఎముక అతుక్కుంది గానీ కాలు పొట్టిపడింది. తట్ట ఎత్తడం ఆమెకి ఇక కుదరలేదు. కాశీరావు ఆటోనగర్‌కి వెళ్ళి ఓనరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓనరు సొరుగులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. అస్సాం దాకా పోయే బండి అది, ఎవరూ వెళ్ళడానికి ఒప్పుకోనిది. ఎల్లారావు పడవని కట్టెల అడితికి అమ్మేశాడు. గొడ్డళ్ళు పట్టుకుని మనుషులొచ్చిన రోజు అతను గుణదలలో కూతురి ఇంటి గడప మీద కూచుని, అరచేతులకి అంటిన తారు గోళ్ళతో గీక్కుంటూ ఉన్నాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు. కాశీరావు అప్పుడు ఒరిస్సాలో ఉన్నాడు.

డెబ్భై ఆరు చివర్లో ఒక సాయంత్రం కాశీరావు బయల్దేరబోతుంటే, మంచం మీద కూచుని ఉన్న రత్తమ్మ అడిగింది.

"బావా, కాలవ మీద కూచుంటే ఎట్టా ఉంటది? చిన్నప్పుడు నాన్న ఎక్కించుకుంటానంటే అమ్మ తట్టకి సాయం పోవాల్సొచ్చేది. ఇప్పుడు కూచునే ఉంటున్నాగా, రోజంతా. ఏం తోచడం లేదు."

కాశీరావు మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. వీధిలో రెండో డ్రైవరు కేకేశాడు.

"వచ్చాక చెబుతాలే" అని వెళ్ళిపోయాడు.

పన్నెండో రోజుకో, పదిహేనో రోజుకో తిరిగొచ్చాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అతనూ చెప్పలేదు.