హీరాబాయి ఇంటి మూలలు

1969లో ఒక రాత్రి నేల కొద్ది క్షణాలు వణికింది. బాన్సువాడ పక్క తండాలో హీరాబాయి ఇంటి గోడ బీటువారింది. దెబ్బ లోపల ఎంతదాకా పోయిందో తెలియక, భయపడి, ఇల్లంతా పడగొట్టారు. రెండు వానాకాలాలు ఆమె చెరకు తోటలోని గుడిసెలో గడిపింది.

‘ఇల్లు కూలింది’ అని ఊరంతా అన్నది. ఆ వాక్యంలో ఇల్లే కర్త. జీవితమంతా వ్యాకరణం బోధించిన నాకు, ఇంత నేర్పుగా మనుషులను తప్పించే క్రియ మరొకటి తారసపడలేదు. హీరాబాయి మాత్రం ఒప్పుకోలేదు: “కూలలే సారూ, మేమే కూలగొట్టినం.”

ఆమెకు బెల్లం గానుగ ఉండేది. (ఆ పాకం వాసనకు మా బడి పిల్లలకు పాఠం తలకెక్కేది కాదు, నాకూ అంతే.) చెరకుతో పాటు రాయి పడితే గానుగలో చిన్న ఇనుప చీల ఒకటి తెగేది; రోలర్లు క్షేమంగా మిగిలేవి. ఇల్లూ అలాగే ఉండాలని వెల్డింగు మేస్త్రీతో తగవులాడి కట్టించింది. ఇనుప స్తంభాలు, పైన చుట్టూ కాంక్రీటు కట్టు, ప్రతి మూలకూ వాలుగా బోల్టులతో బిగించిన ఇనుప పట్టీ. కుదుపు వస్తే ముందుగా వంగవలసింది ఆ పట్టీయే. అది కంటికి కనబడాలి గనుక మూలలకు ప్లాస్టరు వద్దన్నది.

ఎముకలు తేలినట్టున్న ఆ మూలలు పక్కింట్లో ఉండే అన్న లక్‌పతికి తలవంపు.

“ఏందే చెల్లె, ఇంటి బొక్కలు బయటికి కనబడుతుంటే సుట్టాలు నవ్వరా?”

“నవ్వనీ. రిపేరు చేసుకునేది సుట్టాలు గాదు, నేను.”

ఆమె బెల్లం అమ్మడానికి బోధన్ వెళ్లిన రోజున లక్‌పతి మూలలన్నీ పూయించి సున్నం కొట్టించాడు. గృహప్రవేశం నాడు, బంధువులు విస్తళ్ల ముందు కూర్చుని ఉండగానే, హీరాబాయి సుత్తె అందుకున్నది. కొత్త బట్టల మీద సున్నం రాలుతుండగా మూల తరువాత మూల బయటపడింది.

“నలుగుట్ల ఇజ్జత్ తీస్తివి గదనే!”

“ఇజ్జత్ నీ గోడలకు పూసుకో అన్నా. నా గోడలకు గాలి తగలనీ.”

ఎనభైలలో, వానాకాలం మొదట్లో, నేల మళ్ళీ కదిలింది. రెండిళ్లూ నిలిచాయి. లక్‌పతి గోడ మీద వెంట్రుకంత గీత పడింది. అది పూతకే పరిమితమో, లోపలికీ పాకిందో తెలియక అతడు వాకిట్లో మంచం వేసుకున్నాడు. హీరాబాయి నిచ్చెన ఎక్కి నాలుగు మూలలూ చూసింది. ఒక పట్టీ వంగింది. కర్ర ఆసరా పెట్టి, దాన్ని విప్పి, కొత్తది బిగించి, మధ్యాహ్నానికి లోపలే రొట్టెలు కాల్చింది.

సాయంత్రం వాన అందుకున్నది. లక్‌పతి గొంగడి కప్పుకొని మంచం మీదే కూర్చున్నాడు.

“ఏందన్నా, ఇజ్జత్ తడుస్తుంది గదా! ఇగ నా బొక్కల ఇంట్లకు రా.”

అతడు వచ్చాడు. కొత్త పట్టీని వేలితో ఒకసారి తట్టి చూసి, దాని కిందనే కూర్చున్నాడు.