హన్మంతు డాష్‌బోర్డు విప్పిన శనివారం

"బ్రేకు తొక్కితే వెనక లైటు వెలగడం లేదు. ఇంట్లో చేసుకున్న బొమ్మల్ని రోడ్డెక్కిస్తే ఇంతే" అని ఏటేటా కార్లు పరీక్షించే గ్యారేజీలో ఒక తెల్లవాడు హన్మంతు మీద ఎగిరాడు. నాకు ఇంగ్లీషు రాదు. వెక్కిరింపు మాత్రం ఏ భాషలో ఉన్నా తెలుస్తుంది. మాటలు తర్వాత హన్మంతే చెప్పాడు.

హన్మంతు కారు ముందు అడ్డంగా నిలబడ్డాడు. "నీ మనిషి తొక్కేది బ్రేకు కాదు, క్లచ్చు. ఆ బూట్లు ఇప్పమను" అన్నాడు. లోపల కూర్చున్నవాడి బూట్లు రోకటిబండల్లా ఉన్నాయి. అరగంట గొడవ. యజమాని వచ్చి విప్పమన్నాడు. చిరిగిన మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తుండగా వాడు పక్క పెడలు తొక్కాడు. లైటు భగ్గున వెలిగింది. నన్ను డాక్టరు దగ్గర్నుంచి ఇంటికి తెస్తూ దారిలో ఆగినందుకు ఆ సంబరం నా కళ్ళబడింది. రెండువేల ఒకటి సంగతి అది.

ఇంగ్లండులోని లీసెస్టర్‌లో మాకూ వాళ్ళకూ నడుమ ఒక్క గోడ. హన్మంతుది జగిత్యాల పక్క. బస్సు డిపోలో కరెంటు పని. భార్య సుగుణ ఆస్పత్రిలో నర్సు. ఆ కారు పెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. పాత కారు ఇంజను తెచ్చి, రెండేళ్ళు కూర్చుని తానే బిగించాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. నులకమంచానికి చక్రాలు పెట్టినట్టుందని నేనన్నాను. "కూసొని చూడు అక్కా, నులక గుచ్చదు" అన్నాడు. మాట పడే మనిషి కాదు. చెడిన వస్తువును చెడినట్టే వదిలేసే మనిషి అంతకన్నా కాదు.

ఐదేళ్ళ తర్వాత ఒక శనివారం పొద్దున గోడ మీంచి పిలిచాడు.

"అక్కా, జర రా. వైర్ల మీద నంబర్లు రాయాలె."

ఎడమ ఇండికేటరు వేస్తే వైపరు ఊగుతోందట. చెమ్మ పట్టి స్విచ్చులు చెడ్డాయన్నాడు. పై శనివారం లండన్ వెంబ్లీలో వాళ్ళ కూతురు మానస బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక. సుగుణను ఆ కార్లోనే తీసుకుపోతానని పట్టుబట్టాడు. నేను చదివింది రెండో తరగతే అయినా, నా అంకెలు ముత్యాల్లా ఉంటాయి. వెళ్ళాను.

ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. స్టీరింగు తీసి పక్కన పెట్టాడు. కింద వేళ్ళతో తడుముతూ స్క్రూలు విప్పి, డాష్‌బోర్డును ముందుకు లాగాడు. కోసిన మేక పేగుల్లా వైర్లు వేలాడాయి. ఒక్కో వైరు నా చేతికిచ్చి రంగు అడిగేవాడు. కాగితం టేపు మీద నంబరు రాసి వైరుకొకటి, స్విచ్చుకొకటి నేను అంటించాలి.

"ఇది వంగపండు. ఇది చిలకపచ్చ."

"కంపెనీవోడు చీరలు నేసిండా అక్కా? ఎర్రదా, నల్లదా చెప్పు."

నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. మిట్ట మధ్యాహ్నం, గ్యారేజీ తలుపు బార్లా తీసి ఉంది. ఇంత వెలుతురులో ఇతను నన్నెందుకు అడగాలి? ఒక ఎర్ర వైరు అతని ముక్కు ముందు పెట్టి "నల్లది" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

నీలందాన్ని తెల్లదన్నాను. దానికీ "ఊఁ" అన్నాడు.

ఇండికేటరు స్విచ్చు వెనక చూస్తే ఒక వైరు రంగుకూ అది అతుక్కున్న వైరు రంగుకూ పొంతన లేదు. అతుకు మీద చుట్టిన టేపు ఇంకా మెరుస్తోంది.

"చెమ్మ కాదు హన్మంతూ. ఎవరో తప్పు కలిపారు. కొత్త అతుకు."

వేళ్ళతో ఆ అతుకును తడిమాడు. టేపు కొస మడిచి ఉంది. మళ్ళీ తడిమాడు.

"కొస మడిచేది నేనే అక్కా. మొన్న చలికాలం కట్టిన."

అప్పుడు బయటపెట్టాడు. షుగరు. కుడికంట్లో రక్తం దిగి ఏడాదైంది. ఎడమకన్ను పొగలోంచి చూసినట్టు. కారు నడపొద్దని డాక్టర్లు చెప్పిన కాగితం పనిముట్ల పెట్టె అడుగున దాచాడు. నడుంనొప్పి అని డిపో పని మానేశాడు. సుగుణకు ఏదీ తెలియదు. నెల కిందట ఆమెను పక్కన పెట్టుకుని ఎర్ర లైటు దాటి పోయాడట. బస్సువాడు హారను కొట్టాడని సుగుణ నాతో నవ్వుతూ చెప్పింది, మొగుడిది పరధ్యానం అనుకుని.

"సిగ్గులేదా నీకు? ఆ మోటర్‌వే మీద దాన్ని చంపి తొట్టెలకు పీనుగను తీసుకపోతవా?" అని అరిచాను.

హన్మంతు వైర్ల కట్టను చేతిలోకి తీసుకున్నాడు.

"నడుపనని నీ ముందట ఒట్టేస్త. నువ్వు పోంగనే కలుపుత. రేపటికల్ల కారు లేస్తది. లేస్తే నడుపకుంట నేనాగ. నా సంగతి నాకెరుకే."

పెట్టెలో తడిమి వైర్లు కోసే కటింగు ప్లేయరు తీశాడు. పిడి నా వైపు పెట్టి అందించాడు.

"కొయ్యక్కా. అన్ని మొదలంట కొయ్యి. అతుకెయ్యనీకె కొస గూడ ఉంచకు. కోసిన తుండ్లు ఈడ పెట్టకు, నీ ఇంటికి తీస్కపో. సుగుణ అడిగితే, హన్మంతుకు బాగుచేసుడు శాతగాలేదని చెప్పు."